ఇద్దరు సనద్ తల్లులు

ఆ ఆదివారం పొద్దున ఆకాశం పసుపు ముద్దలా ఉంది. సూర్యుడు లేచాడో లేదో తెలియని వెలుతురు. తూర్పున ఎడారి దుమ్మై లేచి వస్తోంది. సల్త్ ఊరి కొండ మీద మెట్లు మెట్లుగా ఉన్న ఇళ్ళలో పైవరస ఇళ్ళు అప్పటికే కనపడటం మానేశాయి. రువైదా డాబా మీద ఆరేసిన బట్టలు ఒక్కొక్కటే లాగి భుజాన వేసుకుంటోంది. ఇంకా తడి ఆరలేదు. దుమ్ము పడితే మళ్ళీ ఉతకాలి. ఉతికేదీ తనే.

"సనద్ తల్లీ, దుప్పట్లు ముందు తియ్యి," అని కింద నుంచి అత్తగారు కేకేసింది.

"తీస్తున్నా అత్తమ్మా," అంది రువైదా.

ఆమెకు సనద్ అనే కొడుకు లేడు. ఇద్దరూ ఆడపిల్లలే. మయార్‌కి తొమ్మిది, లీన్‌కి ఆరు. సనద్ చనిపోయిన మామగారి పేరు. మొదటి మనవడికి తాత పేరు, ఆ మనవడి పేరే వాడి అమ్మానాన్నలకు పిలుపు. దానికి వాడు పుట్టేదాకా ఆగక్కర్లేదు. పెళ్ళైన వారానికే ఆమె భర్త ముతసిమ్ సనద్ తండ్రి అయ్యాడు, ఆమె సనద్ తల్లి అయింది. మొదట్లో నవ్వొచ్చేది. మయార్ పుట్టినప్పుడు చూడవచ్చినవాళ్ళు, అక్క ముందొచ్చింది, తమ్ముడు దారిలో ఉన్నాడన్నారు. లీన్ పుట్టినప్పుడూ దారిలోనే ఉన్నాడన్నారు, కాకపోతే కాస్త గొంతు తగ్గించి అన్నారు. పదకొండేళ్ళు, రోజుకు ముప్పై నలభై సార్లు. ఈమధ్య బజారులో ఎవరో చిన్ననాటి స్నేహితురాలు రువైదా అని పిలిస్తే, ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఆమె కొత్తిమీర ఏరుకుంటూనే ఉంది.

ఆ పొద్దున మాత్రం ఆమె మనసు బట్టల మీద లేదు, పేర్ల మీదా లేదు. తను పనికి పంపుతున్న ఫిద్దా ఏడు గంటల బస్సెక్కి అమ్మాన్ వెళ్ళింది. తొమ్మిదికి పెద్ద ఇంజినీరింగ్ ఆఫీసులో ఆమెను చూస్తారు. అక్కడ ఫిద్దా ఏం మాట్లాడుతుందో, అసలు నోరు విప్పుతుందో లేదో. ఆ ఆఫీసు ఒప్పుకుంటే పన్నెండు మందికి పని. ఒప్పుకోకపోతే ఇంట్లో ఒక మాటకు జవాబు చెప్పాలి.

రువైదా కూడా ఒకప్పుడు అమ్మాన్‌లో ఇంజినీరే. కట్టడాలకు ఎంత ఇనుము, ఎంత సిమెంటు పడుతుందో లెక్కగట్టే పని అయిదేళ్ళు చేసింది. మయార్ పుట్టాక రెండు గంటలకు ఇంటికి వెళ్ళనివ్వమని అధికారిని అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. చాయ్ తెప్పించాడు. సగం ఇంజినీరుతో నేనేం చేసుకోను తల్లీ, సగం వంతెన కడితే ఎవరు నడుస్తారు అని తన మాటకు తనే నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. తర్వాత కొన్నేళ్ళపాటు, అంట్లు తోముతున్నప్పుడో, లీన్ పక్కబట్టలు మారుస్తున్నప్పుడో, చిన్న సొరకాయల్లాంటి కూసా కాయల కడుపు సన్నటి కత్తితో తొలుస్తున్నప్పుడో, ఉద్యోగం పోయినందుకు కాదు, తను నవ్వినందుకు ఒళ్ళు మండేది. నువ్వు ఇంట్లోనే ఉంటావుగా అనేవాడు ముతసిమ్, కరెంటు బిల్లు దగ్గర్నుంచి వాళ్ళమ్మ మోకాళ్ళ మందు దాకా అన్నీ అప్పజెబుతూ. కసిరి చెప్పే మాట కాదది. వాన పడుతోంది అన్నంత మామూలుగా అనేవాడు. అందుకే ఎదురు చెప్పడానికి చోటు దొరికేది కాదు. వానతో ఎవరు పోట్లాడతారు.

రెండేళ్ళ కిందట నిజంగానే వాన పడుతున్న రోజు, బడి గేటు దగ్గర ఒక రేకు కింద ఎనిమిదిమంది తల్లులు నించున్నారు. ఊరికే ఉండలేక రువైదా ఒక్కొక్కరినీ ఏం చదివావని అడిగింది. ఒకామె మందుల శాస్త్రం చదివింది. ఇద్దరు కంప్యూటర్లు, ఒకామె నేల పరీక్షలు, ఒకామె న్యాయశాస్త్రం. చెబుతూ చెబుతూ వాళ్ళు సిగ్గుపడ్డారు, ఏదో పాత తప్పు ఒప్పుకున్నట్టు. ఎనిమిది మంది చదువు రేకు కింద తడుస్తోంది అనుకుంది రువైదా.

ఆ సాయంత్రమే మొదలైంది. ఒక ఉద్యోగం, ఇద్దరు మనుషులు. ఒకరు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా, ఇంకొకరు మధ్యాహ్నం నుంచి ఇంటి నుంచో ఆఫీసు నుంచో. మధ్యలో ఒక అప్పగింతల పుస్తకం. ఏం చేశాను, ఏం మిగిలింది, ఎవరు కోపంగా ఉన్నారు, అన్నీ అందులో రాసి పోవాలి. సగం ఇంజినీరు అన్న మాటనే తీసుకుని దానికి సగం కుర్చీ అని పేరు పెట్టింది. ఇప్పుడు ముప్పై ఇద్దరు అలా కూర్చున్నారు. వాళ్ళలో నలుగురు తండ్రులు. భార్య పోయిన కుతైబా అనే లెక్కల మనిషిని పాత స్నేహితులు పాలపీక జేబులోనే ఉందా అని ఏడిపిస్తారు. ఉంది, నీకు కావాలా అంటాడతను.

ఆలివ్ జాడీలు పెట్టుకునే చిన్న గదిని అత్తగారు ఖాళీ చేసి ఇచ్చింది. జాడీలు పోయినా వాసన పోలేదు. పిల్లల్ని బడి నుంచి తేవడానికి రువైదా వెళ్ళినప్పుడు ఫోను దగ్గర ఆవిడే కూర్చుంటుంది. రాయడం రాదు. ఎవరు నాయనా మీరు, ఎవరి బిడ్డ అని ముందు అడిగి, వాళ్ళ తాతముత్తాతల దాకా తేల్చుకుని, తర్వాత విషయం వింటుంది. విన్నది అక్షరం పొల్లుపోకుండా చెబుతుంది. ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం అలాగే చెప్పింది. అమ్మాన్ పెద్దాఫీసు నుంచి రకాన్ తండ్రి అనే ఆయన చేశాడు, మర్యాదస్తుడు, వాళ్ళ మేనత్త మన ఊరి కోడలే, ఆదివారం తొమ్మిదికి సనద్ తల్లిని పంపించమన్నాడు.

రువైదా జాబితాలో ఒక సనద్ తల్లి ఉంది. మాహిస్ నుంచి వచ్చే ఫిద్దా. ఇళ్ళ నక్షాలు గీసేది, ఎనిమిదేళ్ళ కిందట మానేసింది, ముగ్గురు పిల్లలు, పెద్దవాడు సనద్. ఆమె కాగితం ఆ ఆఫీసుకు పంపినవాటిలో అన్నిటికంటే పైన ఉంది. అందరి తరఫునా ఒకరిని చూడాలనుకుంటున్నారు కాబోలు అనుకుంది. రెండు సాయంత్రాలు ఫిద్దాను కూర్చోబెట్టి ఎలా మాట్లాడాలో చెప్పింది, తన పాత కోటు ఇచ్చింది. ఫిద్దా అన్నిటికీ తలూపింది. మాట మాత్రం రాలేదు.

శుక్రవారం ముతసిమ్ కొడుకు మాట మెల్లగా కదిపాడు. నీకు ముప్పై ఆరు వచ్చాయి, ఇంకెప్పుడు అన్నాడు. లీన్ కడుపులో ఉన్నప్పుడు నాలుగు నెలలు మంచం దిగలేదు. ఈసారీ అంతేనని డాక్టరమ్మ చెప్పింది. అంటే సగం కుర్చీకి తాళం. ఆ సంగతి అతనికి తెలుసు. రెండేళ్ళేగా, పని ఎక్కడికి పోతుంది అన్నాడు. ఆమె తల దువ్వినట్టు అన్నాడు. అతను కేకలేసే మనిషైతే ఆమెకు ఎంతో తేలిగ్గా ఉండేది. ఈ ఒప్పందం సంగతి తేలనీ, అప్పుడు చెబుతాను అంది. అన్నాక, పన్నెండు మంది బతుకు మీద తన జవాబు తాకట్టు పెట్టినట్టయిందని తెలిసింది. వచ్చిందంటే పని మానలేనని చెప్పొచ్చు. రాలేదంటే చెప్పడానికి ఏమీ ఉండదు.

పదిన్నరకు ఫోను మోగింది. ఆమె కాయలు తొలుస్తోంది. చేతులు తుడుచుకుని ఎత్తింది. అవతల ఆఫీసు పిల్ల గొంతు. మీ యజమానురాలు మా పెద్దవాళ్ళ దగ్గరే ఉన్నారండి, అంతా బాగానే నడుస్తోంది, సంస్థ నమోదు కాగితం అడిగితే తన దగ్గర లేదంటున్నారు, ఎవరైనా తేగలరా అంది.

"మా యజమానురాలా?"

"అవునండీ. సనద్ తల్లిగారు."

రువైదా ఫోను పెట్టేసింది. వాళ్ళు పిలిచింది తననే. ఆ ఆఫీసుకు తను ఇచ్చిన కార్డు మీద అదే ఉంది మరి: సనద్ తల్లి, సగం కుర్చీ. మగాళ్ళ జేబుల్లో నీ పేరెందుకు అన్నాడు ముతసిమ్ కార్డులు అచ్చు వేయించేటప్పుడు. అప్పుడది పెద్ద విషయం అనిపించలేదు. రకాన్ తండ్రిలాంటి పెద్దమనిషి పరాయి స్త్రీ పేరు నోటితో పలకడు. కార్డు మీద ఉన్నదే పలికాడు. అత్తగారు విన్నదే చెప్పింది. ఎవరి తప్పూ లేదు. లేని కొడుకు పేరు తను మోస్తోంది, ఉన్న కొడుకు పేరు ఫిద్దా మోస్తోంది.

అత్తగారికి రెండు ముక్కల్లో చెప్పింది. ఆవిడ మొహం పాలిపోయింది. వెంటనే లేచి కాయల గిన్నె తన ముందుకు లాక్కుంది.

"నువ్వు పో. పిల్లల్ని నేను తెస్తా."

"మోకాళ్ళు, అత్తమ్మా."

"మోకాళ్ళు నావి. పో."

బస్సు అద్దాల మీద దుమ్ము గీతలు కట్టింది. రోడ్డు పక్క దేవదారు చెట్లన్నీ ఒకే రంగులో ఉన్నాయి. దారంతా రువైదా ఒక్కటే అనుకుంది. ఫిద్దా నోరు విప్పదు. తన మూడేళ్ళ పిల్ల పేరు అడిగినా కిందకి చూసి చెప్పే మనిషి.

ఆఫీసులో తలుపు సగం తెరిచి ఉంది. పొడుగాటి బల్ల. ఆ చివర ఫిద్దా, వదులుగా ఉన్న రువైదా కోటులో. ముందున్న చాయ్ మీద మీగడ కట్టింది. నలుగురు మగవాళ్ళు, ఒక ఆడమనిషి. ఎవరో అడుగుతున్నారు, పిల్లలకు జ్వరమొస్తే మా పని గతేమిటని. రువైదా తలుపు దగ్గరే ఆగిపోయింది.

"జ్వరం అందరి పిల్లలకీ వస్తుందండి," అంటోంది ఫిద్దా, బల్లకేసి చూస్తూనే. "మీ పిల్లలకీ వచ్చే ఉంటుంది. అప్పుడు మీరు ఆఫీసుకొచ్చారంటే ఇంట్లో ఎవరో ఉండబట్టే కదా. ఆ ఎవరో మేమే. మేము సగం పని చేస్తామని మీరనుకుంటున్నారు. ఇన్నాళ్ళూ మీరు చేసింది కూడా సగమే. రెండో సగం మేం చేశాం. ఇప్పుడు పుస్తకంలో రాసి అప్పగించుకుంటాం, అంతే తేడా."

బల్ల దగ్గరున్న ఆడమనిషి తల వంచుకుని కాగితం మీద ఏదో గీస్తోంది. రువైదాకు కళ్ళు మండాయి, దుమ్ము వల్ల కాదు. రెండేళ్ళుగా తను ఎన్నోచోట్ల ఎన్నో రకాలుగా చెప్పింది, బొమ్మలు వేసి చూపించింది. ఇంత తిన్నగా ఎప్పుడూ చెప్పలేదు.

లోపలికి వెళ్ళి నమోదు కాగితం బల్ల మీద పెట్టింది. జరిగింది చెప్పింది. ఫిద్దా లేచి నించుని, తను ఇంతసేపూ యజమానురాలిగా కూర్చుందని తెలిసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఉద్యోగం కోసం అడిగే ప్రశ్నలు ఇంత పెద్దవిగా ఉంటాయేమో అనుకుందట. ఇద్దరు మగవాళ్ళు నవ్వారు. రకాన్ తండ్రి నవ్వలేదు. తెల్లమీసం మనిషి. కార్డు చేతిలో తిప్పుతూ ఇద్దర్నీ చూశాడు.

"ఇంతకీ మీ ఇద్దర్లో అసలు సనద్ తల్లి ఎవరమ్మా?"

ఆ ప్రశ్నకు మర్యాదగా చెప్పగలిగిన జవాబులు చాలా ఉన్నాయి. ఇద్దరమూనండీ అనొచ్చు. నన్నూ అలాగే పిలుస్తారండీ అనొచ్చు.

"ఆవిడేనండి," అంది రువైదా. "నాకు సనద్ లేడు."

"మరి మీరు?"

"రువైదా. రువైదా మిస్లిహ్."

తన పేరు తన చెవికే కొత్తగా, కొంచెం గరుగ్గా వినిపించింది. ఆయన తల దించుకున్నాడు, వినకూడనిది విన్నట్టు. మొదట ఒక పేరు చెప్పి తర్వాత ఇంకొకటి చెబితే వ్యాపారంలో నమ్మకం ఎలా కుదురుతుందమ్మా అన్నాడు. అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. ఆ పేరు తను పెట్టుకున్నది కాదని, పెట్టిన రోజే వద్దననందుకు ఇవాళ సిగ్గుగా ఉందని ఆమె అంది. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. చివరికి ఆరు కుర్చీలకు బదులు మూడు ఇచ్చారు. ఆరుగురికి పని. మొదటి కుర్చీలో పొద్దుటి సగం ఫిద్దాకు. మిగతా సంగతి రంజాన్ అయ్యాక చూద్దామన్నారు. రువైదా సంతకం పెట్టింది. కాలేజీ రోజుల సంతకం, చివర తోక ఉన్నది. చెయ్యి మరచిపోలేదు.

తిరుగు బస్సులో ఫిద్దా కోటు విప్పి మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"కోపమొచ్చిందా అక్కా?"

"ఎందుకు?"

"నీ కుర్చీలో కూర్చున్నాగా."

"బాగా కూర్చున్నావ్. సగం నీకే ఇద్దామనుకుంటున్నా," అంది రువైదా. ఫిద్దా కిటికీ వైపు తిరిగి నవ్వింది. కాసేపటికి అలాగే నిద్రపోయింది, ఎనిమిదేళ్ళ నిద్ర బాకీ ఉన్నట్టు.

రువైదాను మాత్రం నాకు సనద్ లేడు అని తను అన్న మాట వదల్లేదు. అబద్ధం చెప్పినట్టుగా ఉంది. లేడని ఎలా అంటుంది. పదకొండేళ్ళుగా ఇంట్లో ఉన్నాడు వాడు. వాడి మొహం కూడా ఆమెకు తెలుసు: ముతసిమ్ కనుబొమలు, తన చుబుకం, ఎడమ చెప్పు కుడికి తొడుక్కునే అలవాటు. లీన్ కడుపులో ఉండగా మంచం మీద పడుకున్న ఆ నాలుగు నెలలూ వాడితోనే మాట్లాడింది. పుట్టింది లీన్ అని తెలిసినప్పుడు, ఆ పసిదాన్ని గుండెకు హత్తుకుంటూనే, తలుపు దగ్గరే నిలబడిపోయిన వాడి కోసం ఒక్క చుక్క కన్నీరు కార్చింది, ఎవరూ చూడకుండా. పాపం, వాడేం చేశాడు. తాత పేరు మోయమన్నారు, దారిలో నించోమన్నారు, నించున్నాడు. వాడిని అడ్డం పెట్టి అందరూ ఆమెను వెనక్కి లాగుతున్నారంటే తప్పు వాడిది కాదు. అయినా పంపించాల్సింది వాడినే. మయార్ మొన్నొకసారి అడిగింది, తమ్ముడు వస్తే నన్ను మయార్ అనే పిలుస్తారా లేక సనద్ అక్కా అంటారా అని. దానికి తను ఏమీ చెప్పలేదు, పిండి కలుపుతూ ఉండిపోయింది. సగం ఒప్పందం వచ్చింది. మొత్తం వస్తే దాని వెనక దాక్కోవచ్చనుకుంది. ఏమీ రాకపోతే దాని కింద పడిపోవచ్చనుకుంది. సగం వచ్చేసరికి దాక్కోవడానికీ పడిపోవడానికీ చోటు లేకుండా పోయింది. ఇక చెప్పాల్సింది తనే.

ఇల్లు చేరేసరికి నాలుగైంది. అత్తగారు మోకాళ్ళకు గుడ్డ కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. పిల్లలిద్దరూ ఆవిడ పక్కనే పాఠాలు రాసుకుంటున్నారు.

"చెడిపోయిందా అమ్మా? నా మూలంగా," అంది ఆవిడ. రోజంతా దాచుకున్న మాటలా ఉంది.

"చెడలేదు. మీరు విన్నదే చెప్పారు."

"నేను నీ సంగతే అనుకున్నా సుమా, నీ బదులు ఆ పిల్లను పంపుతున్నావనుకున్నా. సనద్ తల్లి అంటే నాకు నువ్వే కదా. ఇంకొకతి ఉందని నాకేం తెలుసు."

రువైదా ఆవిడ పక్కన కూర్చుని గుడ్డ విప్పి మోకాలికి నూనె రాసింది. మందుల చీటీ మీద చూసేదాకా ఈవిడ పేరు హుస్నా అని తనకూ తెలియదు. ఆ పేరుతో ఆవిడను పిలిచినవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు.

ముతసిమ్ మున్సిపాలిటీ నీళ్ళ ఆఫీసు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, బట్టల గుట్ట మడతపెట్టి లేదని చూసి, ఒక దుప్పటి తీసి తనకు తెలిసినట్టు మడతపెట్టాడు. వంకరగా వచ్చింది. అయినా పెట్టాడు. పొద్దు వాలకముందే ఒకే పళ్ళెం చుట్టూ అయిదుగురూ కూర్చున్నారు. బియ్యం, ఖైమా కూరిన కూసా కాయలు, టమాటా రసం, రొట్టెలు.

"ఎంత వచ్చింది?" అన్నాడు.

"సగం. ఆరుగురికి."

"సగమా." రొట్టె తుంచుతూ ఆగాడు. "శుక్రవారం నాటి మాట?"

రువైదా పిల్లల వైపు చూసింది. లోపలికి పొమ్మందామనుకుని, మళ్ళీ వద్దనుకుంది. వాళ్ళ తమ్ముడి సంగతి వాళ్ళూ వినాలి.

"ఆ మాట ఒప్పందం మీదకు నెట్టాను, తప్పు నాదే. మొత్తం వచ్చినా, ఏమీ రాకపోయినా చెప్పాల్సింది ఒకటే ముతసిమ్. నేను మళ్ళీ కనను. పని మానను." కోపం లేకుండా, తొందర లేకుండా అంది. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "నన్ను ఇంక ఆ పేరుతో పిలవకండి అత్తమ్మా. పిలిచినప్పుడల్లా వాడు గుర్తొస్తున్నాడు."

అత్తగారి చెయ్యి పళ్ళెం అంచున ఆగిపోయింది. భర్త పేరు ఇక ఎవరికీ ఉండదని ఆవిడకు అర్థమైంది. అర్థమైన తర్వాత కూడా ఆవిడ కోడలి కేసే చూస్తూ ఉంది. ముతసిమ్ రొట్టె ముక్కను ఇంకా చిన్న ముక్కలు చేశాడు. వాటిని ఒక వరసలో పెట్టాడు. చాలాసేపటికి ఒకటి తీసి రసంలో ముంచాడు.

తిండి అయినవాడు దేవుణ్ణి తలచుకుని అల్‌హమ్దులిల్లా అని లేస్తాడు. ఒకరు లేస్తే పళ్ళెం అయిపోయినట్టే. ఎవరు ముందంటారా అని రువైదా చూసింది. కాయలు అయిపోయాయి. ఎవరూ అనలేదు. మయార్ ఇంకో రొట్టె తుంచి నానమ్మకు సగం ఇచ్చింది. కడుపులు నిండినా అయిదుగురూ అడుగున మిగిలిన రసంలో రొట్టె ముంచుకుంటూ తింటూనే ఉన్నారు.